రేపటికి ఒక చెంచా

పై అంతస్తులో ఎవరో దాల్చినచెక్క వేసి ఆపిల్ ముక్కలు ఉడికిస్తున్నారు. ఆ వాసన మెట్ల మీదుగా దిగి నా వంటింటి కిటికీలోంచి లోపలికి రాగానే, వలుస్తున్న చిక్కుడుకాయలు పళ్ళెంలో పడేసి నేను ముందుగా చేసిన పని, ఆ ఇంట్లోవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం. రత్నం, రత్నం కొడుకు, కోడలు లహరి, ఆరు నెలల పాప. రత్నం పొద్దున్నే పాలపాకెట్టు కోసం కిందికి దిగింది, కొడుకు కొట్టు తెరవడానికి వెళ్తూ నన్ను పలకరించే వెళ్ళాడు, లహరి బాల్కనీలో తడి బట్టలు పిండుతూ కనిపించింది, పాప ఏడుపు ఇందాకే వినబడింది. నలుగురూ నిక్షేపంగా ఉన్నారు. అయినా ఇంకోసారి మొదటి నుంచీ లెక్కపెట్టాను. ముప్పై ఏళ్ళు తాడేపల్లిగూడెంలో పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఒక పండు ఉడికిన వాసనకి ఇలా బెంబేలెత్తిపోతానని తెలిస్తే నా పాత విద్యార్థులు కడుపుబ్బ నవ్వుతారు.

బయట ఆశ్వయుజ మాసపు ముసురు. టీవీలో వాయుగుండం తీరం వైపు వస్తోందని పొద్దుటి నుంచీ చెబుతున్నారు. ఇంతలో లహరి ఫోను చేసింది. "ఆంటీ, పాపకి ఇవాళ మొదటిసారి ఆపిల్ గుజ్జు పెడుతున్నామండీ. మీ చేత్తోనే పెట్టించాలంటున్నారు అత్తయ్యగారు. మీరు వచ్చేదాకా ఆగుతామండీ" అంది. వస్తానమ్మా అన్నాను గాని, కుర్చీలోంచి లేవలేకపోయాను.

రత్నానికీ నాకూ ఒకటే వయసు. ఏలూరులో కాలవ గట్టు పక్క వీధిలో మా ఇళ్ళు ఎదురెదురుగా ఉండేవి. వాళ్ళది ముందు కిరాణా కొట్టు, వెనక మండువా ఇల్లు. మాది చర్చి ప్రహరీకి ఆనుకుని మూడు గదుల పెంకుటిల్లు. బడి లేని రోజున తెల్లవారిన దగ్గర్నుంచీ వాళ్ళ అరుగు మీద గచ్చకాయలు, వీధిలో తొక్కుడుబిళ్ళ, వాన పడితే మళ్ళీ అరుగు మీదే చింతపిక్కలు. అరుగు దాటి వాళ్ళ గడప లోపలికి నేను వెళ్ళకూడదు; ఎందుకు వెళ్ళకూడదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, చిన్నపిల్లలకి అలాంటివి వాటంతటవే తెలిసిపోతాయి. అట్లతద్దినాడు రత్నం వాళ్ళ అమ్మ మాణిక్యమ్మగారు బెల్లం పాకంలో ముంచిన అట్లు అరిటాకులో చుట్టి గడప ఇవతల పెట్టేది, నేను తీసుకుని ఇంటికి పరిగెత్తేదాన్ని, చేతి నుంచి మోచేతి దాకా పాకం కారేది. క్రిస్మసుకి మా ఇంటి నుంచి వాళ్ళకి అరటిపళ్ళు, బత్తాయిలు మాత్రం వెళ్ళేవి. పండుకి మైల లేదని మాణిక్యమ్మగారు అనేది.

పళ్ళంటే మాకు ఏ కాలానికి ఆ కాలంవి ఉండేవి. ఎండాకాలం గడ్డిలో మాగేసిన మామిడిపళ్ళు, తాటిముంజలు, తొలకరికి నేరేడుపళ్ళు, వానలు ముదిరాక సీతాఫలాలు, జామకాయలు, కొల్లేటి లంకల నుంచి బుట్టల్లో వచ్చే తామరకాయలు. ఇవన్నీ తినేవే. ఆపిల్ మాత్రం తినేది కాదు. అది రోగి కోసం కొనేది. దసరా దాటాక రైలు స్టేషను దగ్గర పళ్ళ దుకాణంలో చెక్క పెట్టెలు విప్పేవారు; ఎండుగడ్డి మధ్య, ఒక్కొక్క పండుకీ ఊదారంగు పల్చటి కాగితం చుట్టి ఉండేది. ఒకటో రెండో కొనుక్కుని, బ్రెడ్డు పొట్లంతో కలిపి పట్టుకుని ఎవరైనా మా వీధిలో నడిస్తే, అరుగుల మీది వాళ్ళంతా లేచి నిలబడి "ఎవరికండీ బాగోలేదూ?" అని అడిగేవారు. ఒంట్లో బాగున్నవాడు ఆపిల్ కొనుక్కు తినడం మా వీధిలో నేనైతే చూడలేదు. పిల్లలు దాని కోసం పేచీ పెడితే, అలా అడగకూడదు తప్పు అని పెద్దవాళ్ళు నోరు మూయించేవారు.

ఆ ఆపిల్‌ని గుజ్జు చెయ్యడం ఊళ్ళో ఒక్క మా మామ్మకే తెలుసు. మా నాన్నకి తల్లి, కరుణమ్మ. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టుండే తెల్లచీరలో, నడుం ఒక పక్కకి వంచి నడిచేది. వయసులో ఉండగా మిషను బంగళాలో దొరసానిగారి దగ్గర వంట చేసింది. ఏటా వానలు వెనకబట్టే వేళకి దొరసానికి మద్రాసు నుంచి ఒక పెట్టె ఆపిల్స్ వచ్చేవట. వాళ్ళ దేశంలో ఆ కాలంలో చెట్ల నిండా కాస్తాయని, ఇంటింటా ఉడకబెట్టి సీసాలకెత్తుతారని చెప్పి, కుంపటి దగ్గర కళ్ళు మూసుకుని నిలబడి ఆ వాసన పీల్చి ఏడ్చేదట. "ఏడిస్తే ఏడిచింది గాని, ఒక్క పూటలో గిన్నెడు తినేసేదే" అని మామ్మ నవ్వేది. దొరసాని ఓడెక్కి వెళ్ళిపోతూ నీలం అంచున్న తెల్ల ఎనామిల్ గిన్నె, సన్నకన్నం తీగ జల్లెడ మామ్మకి ఇచ్చి వెళ్ళింది. గిన్నె పొయ్యిగూట్లో, జల్లెడ గోడ మేకుకి ఉండేవి. ఇంకే వంటకీ వాటిని వాడనిచ్చేది కాదు.

మామ్మ ఆపిల్ చెక్కు తీస్తుంటే ఒకటే పొడుగాటి చుట్టలా తెగకుండా వచ్చేది. నాలుగు చెక్కలు చేసి, గింజల గూడు గుండ్రంగా తీసేసి, సన్నగా తరిగి, ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి, కుంపట్లో బొగ్గుల మీద బూడిద కప్పి మంట తగ్గించేది. ముక్క మెత్తబడి అంచులు పారదర్శకంగా కనిపించినప్పుడు దాల్చినచెక్క పుల్ల ఒకటి, చిటికెడు ఉప్పు, పటికబెల్లం పొడి. ఆ తర్వాత జల్లెడలో పోసి చెక్క తెడ్డు వీపుతో రుద్దితే కింద గిన్నెలోకి లేత పసుపు గుజ్జు చుక్కచుక్కగా దిగేది. నాలుక కదల్చలేని మనిషికి కూడా గొంతులోకి జారిపోయేది. దొరసాని దాన్ని ఆపిల్ సాసు అనేదట, మా ఇంట్లోనూ అదే పేరు. గిన్నెలో ఎంత చేసినా ఆఖరి చెంచా మాత్రం పెట్టేది కాదు. మూత పెట్టి, "ఇది రేపటికండి" అని రోగికి చూపించేది. రేపు తినడానికి ఏదో ఉందని తెలిస్తే మనిషి రేపటి దాకా ఉండడానికి చూస్తాడు అనేది. ఇది దొరసాని నేర్పింది కాదు, మామ్మ సొంతం.

పండు కాబట్టి, మైల లేదు కాబట్టి, మామ్మని ఏ ఇంటికైనా పిలిచేవారు. మామూలు రోజుల్లో గడప దాటనివ్వని ఇళ్ళలో మామ్మ వెనక గుమ్మం నుంచి పెరట్లోకి, పెరట్లోంచి నేరుగా రోగి మంచం దాకా వెళ్ళేది. అది ఆవిడకి గర్వంగా ఉండేదనుకుంటాను. పిలుపొచ్చిన రోజున ముఖం రెండుసార్లు కడుక్కుని, చీర మార్చుకుని, గిన్నె, జల్లెడ, బొగ్గుల సంచీ బుట్టలో సర్దుకునేది. కాని పిలుపు ఎప్పుడొచ్చేదంటే, డాక్టరుగారు చేతులెత్తేశాక, గంజి కూడా గొంతు దిగనప్పుడు, బంధువులకి కబుర్లు వెళ్ళాక. మామ్మ వెళ్ళేది, చేసేది, ఆ మనిషి నాలుగు చెంచాలు చప్పరించి మామ్మ వంక కృతజ్ఞతగా చూసేవాడు. రెండు రోజులకో మూడు రోజులకో ఆ ఇంటి నుంచి ఏడుపులు వినబడేవి.

ఆవిడ చెయ్యి పడితే ఇక మనిషి దక్కడని ఎవరు మొదట అన్నారో తెలియదు. మామ్మ బుట్టతో వీధిలోకి దిగితే అరుగుల మీద మాటలు ఆగిపోవడం మాత్రం నేను ఎరుగుదును. "కరుణమ్మగారు ఎవరింటికండీ?" అని ఒకరు మెల్లగా అడిగేవారు, మామ్మ చెప్పగానే "అయ్యో పాపం" అనేవారు, అప్పటికే ఆ మనిషి పోయినట్టు. గర్భిణుల్ని, పిల్లల్ని లోపలికి పొమ్మనేవారు. మాణిక్యమ్మగారైతే రత్నాన్ని రెక్క పట్టుకుని కొట్లోకి లాగేసేది. మామ్మ మొదట్లో ఇదంతా తేలిగ్గా తీసేసేది. "పోయేవాళ్ళ దగ్గరికే నన్ను పిలిస్తే పోక ఏం చేస్తారే? ప్రభువుని నమ్ముకున్నదానికి శకునాలేంటి?" అని, కావాలని మరీ వీధి మధ్యలోంచి నడిచేది.

ఒకసారి కొల్లేటికోట నుంచి పిలుపు వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, బడికి సెలవులు, నేనూ వెంటపడ్డాను. బస్సు దిగి పడవ ఎక్కాం. ఆ ఏడాది నీరు ఎక్కువగా ఉంది. గట్లు మునిగి, కిక్కిస గడ్డి తలలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. అప్పుడే వలస వచ్చిన గూడబాతులు పడవకి దారి ఇవ్వకుండా నీళ్ళ మీద కదలక కూర్చున్నాయి. ఆకాశం, నీరు ఒకే బూడిదరంగు. గడ వేసే ఆయన దారి పొడుగునా మామ్మ బుట్ట వైపు చూడకుండా ముఖం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. ఆ ఇంట్లో ముసలాయన చేపల వేటలో పేరున్న మనిషట, మంచంలో చాపలా పరుచుకుని ఉన్నాడు. మామ్మ మొదటి చెంచా పెట్టగానే కళ్ళు తెరిచి, "ఇంత తియ్యనిదా తల్లీ! ముందే ఎందుకు పెట్టలేదర్రా మీరు?" అని కొడుకుల్ని అడిగాడు. ఐదు చెంచాలు తిన్నాడు. మూత పెట్టిన గిన్నె మామ్మ అతని తల దగ్గర ఉంచింది. పొద్దు వాలకముందే పోయాడు.

మేము బయల్దేరుతుంటే ఆ ఇంటి పెద్దకోడలు మామ్మని గుమ్మంలో ఆపింది. "ఆయ్, తప్పుగా అనుకోకండమ్మా. ఆ గిన్నె ఈ గుమ్మంలోంచి కాకుండా దొడ్డిదారిన తీసుకెళ్ళండి. ఇంట్లో పిల్లలున్నారండి" అంది. ఎంతో మర్యాదగా, చేతులు జోడించి అంది. మామ్మ ఏదో ఒకటి అని నవ్వేస్తుందని చూశాను. నవ్వలేదు. దొడ్డిదారిన బురదలో దిగి, చుట్టూ తిరిగి పడవ దగ్గరికి వచ్చింది. తిరుగుదారిలో ఆవిడ గిన్నెని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మూత అదిమి పట్టుకుని కూర్చుంది.

మిగిలిపోయిన ఆ చెంచాడు గుజ్జుని మామ్మ ఎప్పుడూ పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పాతిపెట్టేది. ఆ రోజు గిన్నె గట్టు మీద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది. నేను మూత తీసి వేలితో తీసుకుని నాకాను. చల్లగా, తియ్యగా, కాస్త పుల్లగా, చివర్న దాల్చినచెక్క కారంగా. అంత రుచి నేను అంతవరకూ ఎరగను. మొత్తం నాకేసి, గిన్నె చెట్టు మొదట్లో కడిగాను, పాతేశానని చెప్పాను. ఆ తర్వాత నెలల తరబడి నాకు అదే ధ్యాస. మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే బాగుండునని, పెద్ద జ్వరం కాదు, ఆపిల్స్ వచ్చేంత జ్వరం వస్తే చాలునని, చర్చిలో మోకాళ్ళ మీద ఉండి కళ్ళు మూసుకుని కోరుకున్న రోజులున్నాయి.

మరుసటి ఏడాది ఆశ్వయుజంలో తుపాను వచ్చింది. తమ్మిలేరు పొంగింది, కొల్లేరు గట్లు తెంచుకుంది, లంకల జనం మూటలతో ఏలూరు బడుల్లోకి వచ్చి చేరారు. మా నాన్న మునిసిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఏనుగులాంటి మనిషి. పడవల మీద లంకలకి పులిహోర పొట్లాలు తీసుకెళ్ళే వాళ్ళతో కలిసి నాలుగు రోజులు తిరిగాడు, అక్కడి నీళ్ళే తాగాడు. తిరిగొచ్చిన వారానికి మంచం ఎక్కాడు. టైఫాయిడ్ అన్నారు డాక్టరుగారు. గట్టి పదార్థం ఏదీ పెట్టొద్దు, పేగు చిల్లుపడుతుంది అన్నారు. నా కోరిక విని దేవుడు ఇచ్చేశాడని నాకు అర్థమైపోయింది. ఎవరికి చెప్పుకోను?

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆపిల్స్ తెచ్చారు. ఒకటి, రెండు, తర్వాత డజన్ల లెక్కన. గూట్లో, కిటికీ అంచున, బైబిలు పక్కన, నాన్న డ్రిల్లు బూట్ల మీద కూడా ఆపిల్సే. మొదటి సాయంత్రమే మా అమ్మ ఎనామిల్ గిన్నెని గూట్లోంచి తీసి, నిచ్చెన వేసుకుని అటక మీద పాత చాపల వెనక పెట్టింది. ఒక్క మాట అనలేదు. మామ్మ మంచం మీంచి చూస్తోంది. ఊరు ఊరంతా అనుకున్నా లెక్కచెయ్యని మనిషి, సొంత కోడలు గిన్నె దాచిపెట్టేసరికి ముఖం ఇంతైపోయింది.

రోజులు గడిచాయి. గంజి పోస్తే వాంతి, బార్లీ పోస్తే వాంతి. నాన్న పక్కటెముకలు పైకి వచ్చాయి. "అమ్మా, కాస్త ఆ ఆపిల్ సాసు చేసి పెట్టవే. అదైతే దిగుతుందేమో" అన్నాడు. పళ్ళింకా పచ్చిగా ఉన్నాయిరా అంది మామ్మ. మర్నాడు అడిగితే బొగ్గులు తడిసిపోయాయంది. ఇంకో రోజు, "రేపు చేస్తాలే నాన్నా" అని పెరట్లోకి వెళ్ళి నిమ్మచెట్టు దగ్గర నిలబడింది. ఇంట్లో పళ్ళు మగ్గి, ఒక్కోటి కిందివైపు నల్లబడి, పులిసిన వాసన మొదలైంది. ముసురుకి తలుపులు మూసి ఉండడంతో ఆ వాసన దుప్పట్లకీ పట్టింది. నాన్న అడగడం మానేశాడు. అన్నిటికంటే దానికి భయం వేసింది నాకు.

ఒక మధ్యాహ్నం అమ్మ మందుల కోసం వెళ్ళింది. మామ్మ చర్చిలో ప్రార్థనకి వెళ్ళింది. నేను నిచ్చెన వేసుకుని అటకెక్కి గిన్నె దింపాను. కుళ్ళని పళ్ళు నాలుగు ఏరి చెక్కు తీశాను, ముక్కలుగా తెగింది, వేలు కూడా తెగింది. మిగతాదంతా మామ్మ చేసినట్టే చేశాను. పదిసార్లు ఊదితే గాని రాజుకోని తడి బొగ్గులు, కళ్ళ నిండా పొగ. నా వల్ల వచ్చిన జ్వరం నేనే పోగొట్టాలన్న మొండితనం తప్ప ఇంకేమీ లేదు నా బుర్రలో. నాన్న తల కింద చెయ్యి పెట్టి ఒక్కో చెంచా పెట్టాను. ఏడు చెంచాలు తిన్నాడు, ఒక్కటీ బయటికి రాలేదు. ఆఖరి చెంచా మిగిల్చి, "ఇది రేపటికి" అన్నాను. నాన్న నవ్వాడు.

మామ్మ గుమ్మంలో నిలబడి ఉందని అప్పుడు చూశాను. వాసన చర్చిలోకే తగిలి ఉంటుంది, పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతోంది. వచ్చి గిన్నెలోకి చూసింది, నాన్న గడ్డం కింద చెయ్యి వేసి ముఖంలోకి చూసింది. ఆ పక్కనే నేల మీద చతికిలబడి, తెల్లారేదాకా అక్కడి నుంచి లేవలేదు.

నాన్న బతికాడు. డాక్టరుగారు గొట్టం మాత్రలు మార్చి అప్పటికి మూడు రోజులైంది, జ్వరం దిగే వేళ కూడా అదే. ఇది నాకు ఇప్పుడు తెలుసు. మా వీధికి మాత్రం వేరే సంగతి తెలిసింది. "మందులేంటండీ, పిల్ల చెయ్యి మంచిది. అదే కరుణమ్మగారు గనక చేసుంటేనా..." అని మాణిక్యమ్మగారు కొట్టు మీంచి ఎవరితోనో అంటూ, ఇటు చూసి ఆపేసింది. మామ్మ మా అరుగు మీద వడియాలు తిరగేస్తోంది. తల ఎత్తలేదు. నాన్న బతికినందుకు మా ఇంట్లో అందరికంటే సంతోషించింది ఆవిడే. తన మీద పడ్డ మాట నిజమైపోయిందని ఆ రోజే ఆవిడకి ఖాయమైంది.

ఆ తర్వాత పిలుపులు నాకే. కార్తీకంలో ఒక ఇంటి నుంచి మనిషి వచ్చి, "మీ పిల్లని ఒకసారి పంపుతారాండీ?" అని అడిగాడు. మామ్మ మేకుకున్న జల్లెడ తీసుకుని, చెప్పులు వేసుకుని నాతో బయల్దేరబోయింది. నేను గర్వంతో ఉబ్బిపోయి ఉన్నాను.

"నువ్వు రాకు మామ్మా. నువ్వొస్తే వాళ్ళకి భయం" అన్నాను.

మామ్మ జల్లెడ నా చేతికిచ్చి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. పదేళ్ళ పిల్లనే గాని, తెలియక అన్న మాట కాదది. ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను.

నేను చేసి పెట్టిన వాళ్ళంతా కోలుకున్నారు. అందులో మహత్తు ఏమీ లేదు. మామ్మని అంతా అయిపోయాక పిలిచేవారు; నా చెయ్యి మంచిది గనక నన్ను రెండో రోజు జ్వరానికే, నోరు చేదుగా ఉందన్నా, బాలింత అన్నం సయించడం లేదన్నా పిలిచేవారు. అంతే తేడా. ఈ చిన్న లెక్క నాకు టీచరునయ్యాక ఎప్పుడో తట్టింది. అప్పట్లో మాత్రం గడప దాటనివ్వని మాణిక్యమ్మగారు రత్నానికి గవదబిళ్ళలొస్తే నన్ను స్వయంగా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ మండువాలో నిలబడి చుట్టూ చూస్తూ నేను మామ్మని తలుచుకోలేదు.

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా, మళ్ళీ అదే కాలంలో, మామ్మ పడిపోయింది. ఒక పక్క చచ్చుబడింది, నోరు వంకర తిరిగింది, నమలలేదు. ఆపిల్స్ వచ్చాయి. డాక్టరుగారు నాన్నని బయటికి తీసుకెళ్ళి ఏదో చెప్పడం చూశాను. నేను ఆ పళ్ళన్నీ పోగేసి, నా ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టి తాళం వేశాను. భయం మామ్మ పోతుందని కాదు. అది ఎలాగూ తెలిసిపోయింది. నేను చేసి పెట్టాక పోతే, ఇక నా చేతికి కూడా ఆ పేరు వస్తుందని. నేను బుట్ట పట్టుకుని దిగితే కూడా వీధిలో మాటలు ఆగిపోతాయని. రాసుకుంటుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను, కాని జరిగింది ఇదే.

"ఒసే, కాస్త సాసు చెయ్యవే" అంది మామ్మ, మాట సగం సగం.

"ఆపిల్స్ లేవు మామ్మా. వరదలకి రైళ్ళు ఆగిపోయాయంట. రాలేదు."

నాన్న అడిగితే, మామ్మే వద్దంది అని చెప్పాను. అప్పటికి నాన్న రాత్రిళ్ళు మంచం పక్కన మేలుకుని, పగలు బడికి వెళ్ళొస్తున్నాడు, తల ఊపి ఊరుకున్నాడు.

రెండో రోజు మామ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని గాలి పీల్చింది, దొరసాని కుంపటి దగ్గర ఎలా నిలబడేదో నాకు చూపించినప్పుడు పీల్చినట్టు. తర్వాత నా ట్రంకుపెట్టె వైపు చూసింది.

"పెట్లోంచి వాసనొస్తందే" అంది.

మామ్మ ఆడే చెయ్యి చాపి, నా కుడిచెయ్యి అందుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ నిమిరింది.

"పోన్లే. నీ చెయ్యన్నా మంచిదిగా ఉండనీ" అంది.

ఆ తర్వాత ఆవిడ ఏదీ అడగలేదు. మూడో రోజు పొద్దున, బార్లీ నీళ్ళు చెంపన కారిపోతుండగా పోయింది. పెట్టె తీసేసరికి పళ్ళన్నీ మెత్తబడి బట్టలకి అంటుకుపోయాయి. నాలుగుసార్లు ఉతికినా పోలేదు. ఆ క్రిస్మసుకి నేను వేసుకున్న గౌను నిండా అదే వాసన. గిన్నెనీ, జల్లెడనీ నేను నిమ్మచెట్టు మొదట్లో పాతేశాను. ఎవరు పిలిచినా చెయ్యడం మర్చిపోయానన్నాను. నా చేతికి మంచి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఫోను మళ్ళీ మోగింది. ఇక తప్పక మెట్లెక్కాను. రత్నం వాళ్ళ గడప ఇప్పుడు ఎవరైనా దాటవచ్చు, చెప్పులు విడిస్తే చాలు. వంటింట్లో గ్యాసు పొయ్యి మీద స్టీలు గిన్నె, పక్కన మిక్సీ. పళ్ళబుట్టలో చిన్న చిన్న స్టిక్కర్లు అంటించిన ఆపిల్స్ మెరుస్తున్నాయి. గూడెం మార్కెట్లో ఏడాది పొడుగునా తోపుడుబళ్ళ మీద దొరుకుతాయి, ఎవరు కొనుక్కెళ్ళినా ఎవరూ లేచి నిలబడి అడగరు. మిషను బంగళా పడగొట్టేశారు. మేము గడపడవలో వెళ్ళిన దారిలో చేపల చెరువులు తవ్వేశారు, కొల్లేటికోట దాకా కారు వెళ్తుంది. మా పెంకుటిల్లు, నిమ్మచెట్టు ఉన్నచోట ఏదో షాపు వచ్చిందని రత్నమే చెప్పింది. మామ్మని ఎరిగినవాళ్ళు ఈ భూమ్మీద ఇక మేమిద్దరమే.

లహరి పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టి, చేతికి మెత్తటి రబ్బరు చెంచా ఇచ్చింది. పెట్టాను. పాప మొదట ముఖం చిట్లించింది, తర్వాత పెదాలు చప్పరించింది, తర్వాత తనే నోరు తెరిచింది. ఏడు చెంచాలు. గిన్నె అడుగున కొంచెం మిగిలితే లహరి చుట్టూ గీకబోయింది.

"ఆ ఒక్క చెంచా ఉంచమ్మా" అన్నాను.

"ఎందుకాంటీ?"

"రేపటికి."

రత్నం సోఫాలోంచి గట్టిగా నవ్వింది. "చూశావుటే లహరీ, ఈవిడ పద్ధతులు! అందుకే మొదటి ముద్ద ఈవిడ చేత్తోనే పడాలని పట్టుబట్టాను. మా ఏలూరులో ఈవిడ చేసి పెట్టాక పోయినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు, తెలుసా?" అంది.

నిజమే, ఒక్కరూ లేరు. పోతుందని నాకు తెలిసిన ఒక్క మనిషికి నేను చేసి పెట్టలేదు.